కాళ్ళు పోయినోడికి దిగులుండదా?

కందుకూరు దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరూ ఊరూ వేయొద్దంది. ఆమెకు 29 ఏళ్ళు, భర్తకు 34, పాప ఒకటో తరగతి. భర్త పొగాకు బ్యారన్ (ఆకును వేడిలో ఆరబెట్టే కొట్టం) పనిలో చెయ్యి తిరిగిన మనిషి. పోయిన ఏడాది ఫిబ్రవరిలో బ్యారన్ లోపల పైకెక్కి ఆకు కట్టిన కర్రలు అందుకుంటూ కాలు జారి కింద పడ్డాడు. వెన్నులో పన్నెండో పూస నలిగిపోయింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నడుం కింద కదలిక లేదు, స్పర్శ లేదు. చేతులు మాత్రం బాగున్నాయి.

ఆమె మాటల్లోనే కొంత:

"మొదటి ఏడు నెలలూ ఆయనే నాకు ధైర్యం చెప్పారు మేడమ్. సంక్రాంతికల్లా లేచి నడుస్తా చూడు అనేవారు. దసరా అప్పుడు ఫిజియో అబ్బాయి 'ఇంక నడక మీద ఆశ పెట్టుకోవద్దన్నా' అన్నాడు. ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకుంటారు. టీవీ పెట్టనివ్వరు. స్నేహితులొస్తే నిద్రపోతున్నాడని చెప్పమంటారు. పాప స్కూలు నుంచి వచ్చి పిలిస్తే కళ్ళు మూసుకుంటారు. మాటిమాటికీ మూత్రానికి ట్యూబు పెట్టాల్సి వస్తుందని నీళ్ళు తాగరు. తెల్లారుజామున మూడింటికే మెలకువ. కాళ్ళలో కరెంటు కొట్టినట్టు, మంటలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ నిద్రమాత్ర ఇస్తున్నాడు. గవర్నమెంటు వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీ మూలన ఉంది, దాని మీద బట్టలు ఆరేస్తున్నా. సంక్రాంతి ముందు ఒకసారి, నా పీడ వదిలితే నువ్వూ పాపా బాగుపడతారు అన్నారు.

మా అత్తతో చెబితే, కాళ్ళు పోయినోడికి దిగులుండదా, నీకైతే ఉండదా అంటుంది. మా బావగారేమో ఏదో సిటీలో మూలకణాల (స్టెమ్ సెల్స్) ఇంజెక్షన్ ఇస్తే నడుస్తారట, ఉన్న 70 సెంట్ల చేను అమ్మేద్దాం అంటున్నారు. మతి డాక్టరంటే ఆయన రారు. కాళ్ళకు వైద్యం అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళనా? పొగాకు గ్రేడింగ్ పనికి నన్ను పిలుస్తున్నారు. ఆయన్ని ఇట్లా వదిలి పోతే తప్పా?"

చివర్లో రెండు వాక్యాలు, వేరే ఇంకుతో: "పోయిన నెల బ్యారన్ ఆయన ఫోన్ చేసి ఆకు రంగు తిరగడం లేదు, వేడి పెంచాలా ఆపాలా అని అడిగితే పది నిమిషాలు మాట్లాడారు. ఆ రాత్రి రెండో ముద్ద అడిగి తిన్నారు."

అమ్మా,

మీరు చివర్లో వేరే ఇంకుతో రాసిన సంగతి నాకు మిగతా నాలుగు పేజీలంత పెద్దదిగా కనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఇంకో పని ఉంది, అది ఈ పూటే జరగాలి.

"నా పీడ వదిలితే" అన్న మాటను మాటవరసకు అన్నదిగా వదిలేయకండి. పాప నిద్రపోయాక ఆయన పక్కన కూర్చుని సూటిగా అడగండి: "మీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఎప్పుడన్నా అనుకున్నారా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరికీ భయం. అలా పుట్టదు. లోపల ఒక్కడే మోస్తున్న మాట బయటపెట్టడానికి దారి దొరుకుతుందంతే. ఆయన ఏం చెప్పినా చేనుకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే తీయించేయండి, వేరే ఇంట్లో తాళం వేసి పెట్టమనండి. మాత్రలన్నీ మీ దగ్గర ఉంచుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. "అనుకున్నాను" అని, ఎలాగో కూడా చెప్పారంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఒంగోలు రిమ్స్‌కో నెల్లూరు పెద్దాసుపత్రికో తీసుకెళ్ళండి. అప్పుడు మిగతా ఉత్తరమంతా పక్కన పెట్టేయొచ్చు. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది. ఖర్చు లేదు, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆయనే మాట్లాడాలని లేదు, ఆయన గురించి మీరు మాట్లాడొచ్చు.

ఇక మీ అత్తగారి మాట. ఆమెను తప్పుపట్టను, కొడుకు మీద ప్రేమతో అన్నదే. కానీ మీ ఇంట్లో వైద్యం ఆగింది సరిగ్గా ఆ మాట దగ్గరే. కాళ్ళు పోయినవాడికి దుఃఖం ఉంటుంది. ఏడుస్తాడు, తిడతాడు, దేవుణ్ణి అడుగుతాడు. మళ్ళీ సాయంత్రానికి కూతురు ఏదో వాగితే నవ్వుతాడు కూడా. మీ ఆయనకున్నది అది కాదు. ఐదు నెలలుగా పాప పిలిచినా కళ్ళు తెరవబుద్ధి కాకపోవడం వేరే జబ్బు. దాని పేరు డిప్రెషన్. వెన్నుపాము దెబ్బతిన్న ఐదుగురిలో సుమారు ఒకరికి అది వస్తుంది. ఇదే లెక్కను రెండోవైపు నుంచి చూడండి. ఆ ఐదుగురిలో నలుగురికి రాలేదు. వాళ్ళకూ కాళ్ళు లేవు. కాళ్ళు లేకపోవడమే దిగులైతే ఐదుగురూ గోడవైపు తిరగాలి కదా?

అంటే ఆయన కాళ్ళు రాకపోయినా ఈ దిగులు తగ్గొచ్చు. ఇంట్లో అందరూ మొదటిది జరిగితేనే రెండోది జరుగుతుందని కూర్చున్నారు. చేను అమ్మే ఆలోచన కూడా అక్కడి నుంచే వచ్చింది.

నిద్ర, ఆకలి, నీరసం చూసి డిప్రెషన్ అని తేల్చేయకూడదన్నది కూడా నిజమే. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళకు ఈ మూడూ దెబ్బ వల్లే పాడవుతాయి. డాక్టర్లు అడిగే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది, గత రెండు వారాల సంగతి అడుగుతారు. అందులో ఇలాంటి వాళ్ళకు ముఖ్యంగా చూడాల్సినవి వేరు: దేని మీదా ఇష్టం లేకపోవడం, తాను ఎందుకూ పనికిరానని అనుకోవడం, ఇంక ఏమీ లేదనుకోవడం, చావు తలపు. నేను అడగకుండానే మీరు ఇవన్నీ ఉత్తరంలో రాసేశారు.

ఇందులో ఒంటి వల్ల వచ్చినదీ కొంత ఉంది, అది ముందు విడదీయించుకోవాలి. నీళ్ళు తక్కువ తాగితే ట్యూబు పని తగ్గుతుందని ఆయన అనుకుంటున్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది, రాళ్ళు పడొచ్చు. స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు. తెలిసేది నీరసం, విసుగు, ఒళ్ళు వెచ్చబడటం. ఆ నీరసాన్ని మీరు దిగులు అనుకుంటారు. మూత్ర పరీక్ష, రక్తహీనత, థైరాయిడ్, బి12 చూపించండి. పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందా, కాసేపు స్పృహ తప్పిందా? ఇది గుర్తుచేసుకుని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వెన్నెముక విరిగేంత ఎత్తు నుంచి పడితే తలకూ తగిలి ఉండొచ్చు, ఆ హడావుడిలో ఎవరూ పట్టించుకోరు. మనసు మారడానికి అదీ ఒక కారణం కావచ్చు. కాళ్ళలో కరెంటు కొట్టినట్టుండేది నరాల నొప్పి. స్పర్శ లేని కాళ్ళలో నొప్పేమిటని ఇంట్లో వాళ్ళు నమ్మరు. మీరు నమ్మండి, అది నిజం నొప్పే. తెల్లారుజామున మూడింటికి ఆయన్ని లేపేది నొప్పా, దిగులా అన్నది ఆయన్నే అడగాలి.

ఇప్పుడు మీ అబద్ధం సంగతి. "కాళ్ళకు వైద్యం" అని తీసుకెళ్తే వస్తారు, నిజమే. ఆ గది బయట బోర్డు చదువుకుంటారు. లేదా డాక్టరు రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. అప్పుడు పోయేది ఆ ఒక్క రోజు కాదు. రోజూ ఆయన ఒంటికి ట్యూబు పెట్టేది మీరు. ఆ చేతుల మీద నమ్మకం పోతే తర్వాత ఏ డాక్టరు పేరెత్తినా రారు. ఇంకోటి, దసరాకు చచ్చిన ఆశను మీరే మళ్ళీ లేపి మళ్ళీ చంపినట్టవుతుంది. నేనైతే ఆ దారి వద్దంటాను.

ఉన్నదున్నట్టు చెప్పడం ఇంకో దారి: "మీకు డిప్రెషన్ వచ్చింది, డాక్టరుకు చూపిద్దాం." కొందరు దానికే ఊపిరి పీల్చుకుంటారు, తమకొచ్చినదానికి ఒక పేరుందని. మీ ఆయన "నాకు పిచ్చంటావా" అని నెల రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఆయన సంగతి మీకు తెలుసు, నాకు తెలియదు.

ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది, అందులో అబద్ధం లేదు. "నిద్ర పట్టడం లేదు, కాళ్ళ మంట తగ్గడం లేదు, ఆర్‌ఎంపీ మాత్రతో లాభం లేదు. వీటికి మందిచ్చే డాక్టరు దగ్గరికి పోదాం. ఆయన మనసు సంగతి కూడా అడుగుతాడు, చెప్పాలనిపిస్తే చెప్పండి." ఇది ఆయన ఒప్పుకోగలిగిన నిజం. ఉపయోగం కూడా ఉంది, ఎందుకంటే నరాల నొప్పికీ దిగులుకూ రెంటికీ పనికొచ్చే మందులున్నాయి, డులాక్సెటిన్ అలాంటిది. రిమ్స్‌లోనూ నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. నేరుగా అక్కడికి కాకుండా ముందు ఆపరేషన్ చేసిన డాక్టరుకే నిద్ర, నొప్పి చెప్పి, ఆయనతో అక్కడికి రాయించుకోవచ్చు. ఒక రోజు ఆలస్యమైనా పెద్ద డాక్టరు చెప్పాడన్న మాట మన పల్లెల్లో బాగా పనిచేస్తుంది. బలవంతంగా మాత్రం కుదరదు. తన వైద్యం తాను నిర్ణయించుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆయనకిచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు సంగతి వేరు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆయన వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళండి, ఆర్‌ఎంపీ ఇచ్చినవీ. నేను మందులు రాసే మనిషిని కాను, ఈ పేర్లు కొనుక్కోమని చెప్పడం లేదు, అడగమని చెబుతున్నాను. దిగులుకు, నరాల నొప్పికి మామూలుగా రాసే అమిట్రిప్టిలిన్ మూత్రం బిగబట్టేలా చేస్తుంది, మలబద్ధకం తెస్తుంది. మామూలు మనిషి సర్దుకుంటాడు, మీ ఆయనకు ఆ రెండూ ముందే ఇబ్బందిగా ఉన్నాయి. కొన్ని మందులతో కాళ్ళు బిగదీసుకోవడం పెరగొచ్చు. నొప్పికి ట్రమడాల్ వాడుతుంటే తప్పక చెప్పాలి, దిగులు మందులు కొన్నింటితో అది కలిస్తే ప్రమాదం. కాళ్ళ బిగువుకు బాక్లోఫెన్ ఇస్తుంటే మగతగా ఉందని హఠాత్తుగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. వెన్నుపాము దెబ్బతిన్న 133 మంది మీద వెన్లాఫాక్సిన్ అనే మందును 12 వారాలు పరీక్షించి 2015లో ఫలితం చెప్పారు. దిగులులో అసలు లక్షణాలు తగ్గాయి, దిగులును కొలిచే మొత్తం మార్కుల్లో మాత్రం తేడా స్పష్టంగా రాలేదు. అంటే మందు పనికిరాదని కాదు, మందొక్కటే చాలదని నేను అర్థం చేసుకున్నాను. ఏ మందైనా గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తిగా చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది. పదో రోజున "ఏం లాభం లేదే" అని ఆపేసే ఇళ్ళు చాలా చూశాను. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు.

చేను గురించి: అమ్మొద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నియమాల ప్రకారం మూలకణాల వైద్యం రక్త సంబంధ జబ్బులు కొన్నింటికి తప్ప మామూలు చికిత్సగా ఇవ్వకూడదు. వెన్నుపాముకు ఇస్తే పరిశోధనగానే ఇవ్వాలి, పరిశోధనలో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటేనే అది ఏమిటో తెలిసిపోయింది. బావగారితో గొడవ పెట్టుకోకండి. "ఇది పరిశోధన అయితే అనుమతి కాగితం చూపించి, డబ్బు తీసుకోకుండా చేయమని అడగండి బావా" అనండి చాలు.

ఆ డబ్బులో చిన్న ముక్క చాలు, వేరే పని జరుగుతుంది. పన్నెండో పూస దగ్గర దెబ్బ, చేతులు పూర్తిగా బాగున్న మనిషి నేర్చుకుంటే మంచం మీంచి కుర్చీలోకి తానే మారొచ్చు, పుండ్లు పడకుండా కుర్చీలో తన బరువు తానే ఎత్తుకోవచ్చు, నాలుగైదు గంటలకోసారి ట్యూబు తానే పెట్టుకోవచ్చు. మీ ఉత్తరంలో ఇవన్నీ మీరే చేస్తున్నారు. ఇదేం తప్పు కాదు, ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మీకు నేర్పారు, ఆయనకు నేర్పలేదు. కానీ 34 ఏళ్ళ మనిషి, నిన్నటిదాకా పదిమందికి పని చెప్పినవాడు, ఒంటికి వెళ్ళడానికి కూడా పెళ్ళాం చేతికోసం ఎదురుచూస్తుంటే, "నేను పీడను" అన్న మాట దిగులు నుంచే కాదు, ఆ రోజువారీ లెక్క నుంచి కూడా వస్తుంది. నీళ్ళు మానేసింది మీ శ్రమ తగ్గించడానికేమో, అడిగి చూడండి.

ఇవి నేర్పే చోటు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో ఉంది. నెల్లూరు, గూడూరు మీదుగా కాట్పాడి పోయే రైళ్ళున్నాయి. కొన్ని వారాలు ఉండాలి, ఖర్చూ ఉంది, పాపను ఎవరి దగ్గర వదలాలన్నదీ ఉంది. దగ్గర్లో కావాలంటే నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సీఆర్‌సీ ఉంది, ముందు అక్కడ అడగండి. కుర్చీ ఆయన కొలతకు సరిపోతుందో లేదో కూడా చూడమనండి. సరిపోని కుర్చీ అయితే బట్టలు ఆరేసుకోవడానికే పనికొస్తుంది. గడపకు వాలు కట్టించేటప్పుడు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని మేస్త్రికి చెప్పండి. నిట్టనిలువుగా కడితే తోసేవాళ్ళుంటేనే ఎక్కుతుంది.

వెల్లూరు పేరెత్తాను కాబట్టి ఒక సంగతి. అక్కడ ఈ విభాగాన్ని నిలబెట్టిన మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసిన డాక్టరు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఇది మీ కోసం చెప్పాను. ఆయనకు చెప్పకండి. గోడవైపు తిరిగి ఉన్న మనిషికి గొప్పవాళ్ళ కథ చెబితే "వాళ్ళు చేశారు, నువ్వు చేయలేకపోతున్నావు" అని వినిపిస్తుంది. అదే ఊరి పక్కన కుర్చీలో ఉండి సెల్‌ఫోన్లు బాగుచేసుకునే మనిషి ఎవరైనా ఉంటే, ఆయన వచ్చి ఏ ధైర్యమూ చెప్పకుండా "ట్యూబు ఏ కంపెనీది వాడుతున్నావు" అని అడిగి పోతే అది పనిచేస్తుంది. సీఆర్‌సీలో గానీ ఫిజియో దగ్గర గానీ అలాంటి వాళ్ళెవరని వాకబు చేయండి.

మీరు సిగ్గుతో సగం రాసి కొట్టేసిన వాక్యం చదివాను. "పుట్టింటికి పో, వేరే పెళ్ళి చేసుకో" అని ఆయన అంటున్నది మీ మీద విసుగుతో కాదని నా అనుమానం. భార్యాభర్తల సంబంధం ఇంక లేదని ఆయనకు ఆయనే తీర్పు చెప్పేసుకున్నారు. ఎవరూ ఆయనకు ఈ మాట చెప్పి ఉండరు: ఈ దెబ్బ తర్వాత కూడా దానికి వైద్యం ఉంది, పిల్లల్ని కనడానికి కూడా దారులున్నాయి. డాక్టరును ఆయన ఒక్కరే అడిగేలా మీరు ఐదు నిమిషాలు బయటికి రండి. దిగులు మందుల్లో కొన్ని ఈ విషయంలో ఇబ్బంది పెడతాయి, అదీ ముందే అడిగించుకోవాలి.

గ్రేడింగ్ పనికి వెళ్ళడం తప్పు కాదు. కాకపోతే నేను పైన చెప్పిన ప్రశ్న అడిగి, జవాబు విని, డాక్టరుకు చూపించాక వెళ్ళండి. ఈలోపు పగలంతా ఆయన్ని ఒక్కణ్ణి వదలొద్దు. తర్వాత మీరు వెళ్ళడం ఆయనకు మేలు కూడా చేయొచ్చు, ట్యూబు పని ఆయన చేతికి వస్తుంది. వెళ్ళకపోతే అత్తగారు మెచ్చుకుంటారు, ఏడాదికి మీరు కూడా మంచం పడతారు. మీ ఉత్తరంలో మీ నిద్ర గురించి ఒక్క ముక్క లేదు. 14416కు ఫోన్ చేసినప్పుడు మీ సంగతీ చెప్పండి. పింఛను మాట కూడా లేదు. 2024లో వికలాంగుల పింఛను 6,000కు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకు 15,000కు పెంచారు. వికలాంగుడని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి. ఏది వస్తోందో, ఏది రావాలో సచివాలయంలో ఒకసారి అడగండి.

ఇప్పుడు ఆ ఫోన్ సంగతి. ఆ పది నిమిషాల్లో బ్యారన్ ఆయన "ఎట్లున్నావురా" అని జాలిపడలేదు. ఆకు రంగు తిరగడం లేదు, ఏం చేయాలో చెప్పమన్నాడు. కాళ్ళతో పనిలేని ప్రశ్న అది, ఆయన చేతిలో ఉన్న విద్యను అడిగిన ప్రశ్న. రాత్రి రెండో ముద్ద అందుకే పడింది. దిగులు వైద్యంలో మందుతో పాటు చేయించేది సరిగ్గా ఇదే: ఇష్టం పుట్టాక పని చేయడం కాదు, చిన్న పని మొదలుపెడితే దాని వెనక ఇష్టం రావడం. పొగాకు సీజను ఇంకో రెండు మూడు వారాలే ఉంటుంది. బ్యారన్ ఆయనకు మీరే ఫోన్ చేసి, అడగాల్సింది నిజంగా ఉన్నప్పుడు చేయమనండి, ఊరికే పలకరించడానికి వద్దనండి. వీలైతే ఆకు ఫోటో పంపమనండి. మొదటిసారి మీ ఆయన ఎత్తకపోవచ్చు. మీరు ఎత్తి మాట్లాడేయకండి, మోగనివ్వండి. రెండు రోజులు ఆగి మళ్ళీ చేయమనండి.